పారవేసిన బొమ్మలు – బైండు కట్టిన పుస్తకాలు

గత విద్యాసంవత్సరం గ్రంథాలయ సంఘ సమావేశంలో, కొనవలసిన పుస్తకాల జాబితా చదువుతూండగా, నేను సూచించిన ఒక పేరు వద్ద పెద్దలొకరు ఆగారు. కళ్ళజోడు సవరించుకుని, "ఇది చూయింగ్ గమ్ముతో పాటు ఇచ్చే బొమ్మల పుస్తకమా, లెక్చరర్ సాబ్?" అని అడిగారు. ఔనన్నాను. "మరి తెలుగు శాఖకు దీనితో ఏమి పని?" అన్నారు. నలుగురూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ పేరు మీద గీత పడింది. ఆ పెద్దలపై నాకు ఎట్టి ఫిర్యాదూ లేదు. వారడిగిన ప్రశ్న సబబైనదే. కాని ఆనాడు సమయం చాలక చెప్పలేకపోయిన సమాధానం ఒకటి నాలో మిగిలిపోయింది. సంపాదకులు వ్యాసం కోరినప్పుడు, ఆ బాకీ తీర్చుకునే అవకాశం దొరికిందనుకున్నాను.

ముందుగా ఆ వస్తువేమిటో ఎరుగని విద్యార్థుల కోసం నాలుగు మాటలు. అమెరికాలో పంతొమ్మిదవ శతాబ్ది చివరి రోజులలో సిగరెట్లను మెత్తని కాగితపు పొట్లాలలో అమ్మేవారు. అవి నలిగిపోకుండా లోపల ఒక గట్టి అట్టముక్క ఉంచేవారు. ఎలాగూ ఉంచుతున్న అట్టముక్క మీద ఒక రంగుల బొమ్మ అచ్చు వేస్తే, ఆ బొమ్మ కోసం మళ్ళీ అదే సిగరెట్టు కొంటారు గదా అని వర్తకులకు తోచింది. వర్జీనియా రాష్ట్రంలోని రిచ్మండ్ నగరంలో అలెన్ అండ్ గింటర్ అనే పొగాకు కంపెనీ 1880ల నుంచి పక్షులు, జెండాలు, నటీమణులు, రెడ్ ఇండియన్ నాయకులు – ఇలా వరుసలు వరుసలుగా బొమ్మకార్డులు వెలువరించింది. (మన గుంటూరు సీమలో పండే మేలురకం పొగాకుకు ఆ రాష్ట్రం పేరే అంటిపెట్టుకుని ఉంది, దూరమెంతైనా పొగాకుది ఒకే కుటుంబం.) తరువాతి కాలంలో ఆ బొమ్మలు సిగరెట్టును విడిచి చూయింగ్ గమ్మును ఆశ్రయించాయి, అనగా తండ్రుల జేబుల నుంచి పిల్లల జేబులలోకి దిగాయి. వీటిలో ఆటగాళ్ళ బొమ్మలు ఒక తెగ. తక్కినవన్నీ, అంటే యుద్ధాలు, గ్రహాంతరవాసులు, సినిమాలు, హాస్యం వగైరాలన్నీ కలిపి "నాన్-స్పోర్ట్" కార్డులు. నేను మాట్లాడుతున్నది ఈ రెండవ తెగను గురించి. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, ఆ పాత కార్డులను, స్టిక్కర్లను తిరిగి అచ్చువేసి, గట్టి అట్టతో బైండు కట్టిన పుస్తకాలను గురించి. నేను సేకరించేది ఆ పుస్తకాలనే. అసలు కార్డు నా దగ్గర ఒక్కటీ లేదు.

ఇందులో చిత్రమేమంటే, కార్డులను పుస్తకంగా మార్చటం నిన్న మొన్నటి ఊహ కాదు. అలెన్ అండ్ గింటర్ వారే తమ కార్డుల బొమ్మలను పెద్ద పుటల మీద తిరిగి ముద్రించి, పొట్లాలలోని కూపన్లు దాచి పంపినవారికి ఆల్బములుగా ఇచ్చేవారు. చిల్లర బొమ్మకు పుస్తకమనే ఇల్లు కావాలని ఆ వర్తకులకు నూటముప్పై యేళ్ళ క్రిందటే తెలుసు.

నాకు ఈ వ్యసనం అంటుకున్న వైనం చెబుతాను. 2011లో మా ఆపా, దూల్హాభాయి షికాగో నుంచి సెలవులకు వచ్చారు. ఎం.ఏ. చదివిన బావమరిదికి పుస్తకాలిష్టమని తెలిసిన మా దూల్హాభాయి, ఏ పుస్తకమో చూడకుండా, చవకగా అమ్ముతున్న గుట్టలోనుంచి ఒకటి తెచ్చారు. దాని పై కవరు మామూలు కాగితం కాదు. చేతికి మైనపు నునుపు తగిలేది. చూయింగ్ గమ్ము పొట్లం కాగితాన్ని అనుకరిస్తూ చేసినది. మా అమ్మీ దానిని మిఠాయి డబ్బా అనుకుని వంటింటి అలమారలో పెట్టింది. రెండు రోజుల తరువాత పంచదార కోసం వెతుకుతూ నేను దానిని కనుగొన్నాను.

అది "వాకీ పాకేజెస్" అనే సంపుటం. న్యూయార్కులోని ఏబ్రమ్స్ సంస్థ 2008లో ప్రచురించింది. 1973, 74లలో టాప్స్ అనే గమ్ము కంపెనీ అమ్మిన స్టిక్కర్లలో మొదటి ఏడు వరుసలు అందులో ఉన్నాయి. ఒక్కొక్క పుటకు ఒక్కొక్క బొమ్మ. అంగడిలో దొరికే సరుకుల పెట్టెలు, డబ్బాలే ఆ బొమ్మలు. కాని పేరులో ఒకటి రెండక్షరాలు మారతాయి. క్రెస్ట్ అనే పళ్ళపొడి ముద్ద "క్రస్ట్" అవుతుంది, అనగా పెచ్చు. బలమిచ్చే వీటీస్ అనే అల్పాహారం "వీకీస్" అవుతుంది, అనగా బలహీనులు. జెల్-ఓ అనే తీపి పదార్థం "జైల్-ఓ" అవుతుంది. రిట్జ్ బిస్కట్లు "రాట్జ్" అయి ఎలుకలను గుర్తుకు తెస్తాయి.

ఇదే తెలుగు శాఖకు ఇందులో ఉన్న పని. అక్షరం ఒకటి జారితే అర్థం తలక్రిందులయ్యే ఈ విద్యను మనం శ్లేష అనీ, అచ్చు మార్చి అక్కసు తీర్చుకునే ఈ రచనను పేరడీ అనీ తరగతి గదిలో పాఠం చెబుతాం. జరుక్ శాస్త్రిగారు తన సమకాలికులైన మహాకవులను ఆటపట్టించినప్పుడు దానిని సాహిత్యమని గౌరవించాం. మరి పదేళ్ళ పిల్లవాడు ఐదు సెంట్లిచ్చి కొనుక్కున్న పొట్లంలో, తన ఇంటిలోని ప్రతి డబ్బా మీది ప్రకటననూ అనుమానించటం నేర్చుకుంటే దానిని ఏమనాలి? ప్రకటనలను నమ్మవద్దని పిల్లలకు ఉపన్యాసమిచ్చే పాఠ్యపుస్తకాలు నేను చాలా చూశాను. వాటిలో ఒక్కటీ పిల్లవాడి చేత తన సొంత డబ్బుతో కొనిపించుకోలేదు. ఇక్కడ పాఠమూ సరుకే, సరుకును వెక్కిరించటమూ సరుకే. ఆ వైరుధ్యాన్ని నేను దాచటం లేదు.

ఆ పుస్తకానికి పీఠిక రాసినవారు ఆర్ట్ స్పీగెల్మన్. యూదుల ఊచకోతను ఎలుకలు, పిల్లుల బొమ్మలతో చెప్పిన "మౌస్" గ్రంథానికి 1992లో పులిట్జర్ ప్రత్యేక పురస్కారం అందుకున్నవారు. ఆయన ఇంచుమించు ఇరవై యేళ్ళు టాప్స్ కంపెనీలో జీతానికి ఈ బొమ్మల ఊహలు అల్లారు. మనం గొప్పదని చదివే గ్రంథం వెనుక, మనం చెత్త అని పారవేసే కాగితం మీద చేసిన ఇరవై యేళ్ళ సాధన ఉందన్నమాట. ఆ సాధన ఎక్కడ చూడగలం? ఆ స్టిక్కర్లు అమెరికా పిల్లల నోటు పుస్తకాల మీదా, మంచాల కోళ్ళ మీదా అంటుకుని, వాటితో పాటే చెత్తకుండీ చేరాయి. స్టిక్కరు పుట్టినదే అంటించి పాడుచేయటానికి. అది బతికి బయటపడిందంటే ఎవరో దానిని వాడలేదన్నమాట. కనుక దాని చరిత్రను నిలుపగలిగినది పుస్తకమే.

టాప్స్ 1938లో బ్రూక్లిన్‌లో షోరిన్ సోదరులు పెట్టిన గమ్ము కంపెనీ. వారి నాన్-స్పోర్ట్ కార్డులలో అన్నిటికంటె ప్రసిద్ధమైనది, అన్నిటికంటె అపఖ్యాతి పొందినది "మార్స్ ఎటాక్స్". 1962లో వెలువడిన 55 కార్డుల వరుస. కుజగ్రహవాసులు భూమి మీద పడి నగరాలను తగులబెట్టటం కథ. ముందు వైపు బొమ్మ, వెనుక వైపు కథాభాగం. ఊహ వుడీ గెల్మన్, లెన్ బ్రౌన్‌లది. బ్రౌన్‌కు అప్పటికి ఇరవై, ఇరవై ఒకటి యేళ్ళ వయస్సు, అనగా మన డిగ్రీ విద్యార్థి ఈడు. రంగులద్దినవారు నార్మన్ సాండర్స్. అంతకు పూర్వం చవక కాగితపు కథల పత్రికలకు ముఖచిత్రాలు వేసి జీవించిన చిత్రకారుడు. ఆ బొమ్మలలో రక్తపాతం చూసి తల్లిదండ్రులు ఆగ్రహించారు. కంపెనీ అమ్మకం నిలిపివేసింది. అసలు మొదటి నుంచీ తన పేరు వేసుకోవటానికే ఆ కంపెనీకి ధైర్యం చాలలేదు. కార్డుల మీద "బబుల్స్ ఇన్‌కార్పొరేటెడ్" అనే మారుపేరు అచ్చు వేసింది.

యాభై యేళ్ళు గడిచాయి. 2012లో అదే వరుస గట్టి అట్ట సంపుటమై వచ్చింది. పీఠిక లెన్ బ్రౌన్‌ది. చివరి మాట సాండర్స్ కుమార్తె, స్వయంగా చిత్రకారిణి అయిన జీనా సాండర్స్‌ది. పేరు దాచుకున్న కంపెనీ ఇప్పుడు పేరు చాటుకుంది. అదంతా వ్యాపారమే అనుకుందాం. కాని కార్డు మీద లేని చిత్రకారుడి పేరు పుస్తకం మీదకు వచ్చింది. ఈ ఒక్క కారణం చాలు, నేను కార్డుల కంటె పుస్తకాలనే ఎందుకు కోరుకుంటానో చెప్పటానికి. కార్డు చిత్రకారుడిని దాచింది, పుస్తకం చూపింది. జీతగాడు వేసిన బొమ్మ కంపెనీ ఆస్తి. అమ్ముకునే హక్కు కంపెనీదే. 1989లో టాప్స్ తన గిడ్డంగిలోని అసలు చిత్రాలను న్యూయార్కులో వేలం వేసింది. కుంచె పట్టినవాడికి మిగిలేది పేరు. అది కూడా లేకపోతే ఎలా?

ఇక, "అసలు కార్డులు ఉండగా నకళ్ళెందుకు?" అనే ప్రశ్న. ఇది సేకరణ ఎరిగినవారు అడిగే ప్రశ్న గనుక కాస్త నిలబడి సమాధానం చెప్పాలి.

నేడు అసలు కార్డు అనేది చూసే వస్తువు కాదు, దాచే వస్తువు. 1991 నుంచి అమెరికాలో కార్డులను పరీక్షించి ఒకటి నుంచి పది వరకు మార్కులు వేసే సంస్థ పనిచేస్తోంది. మార్కు వేసిన కార్డును గట్టి ప్లాస్టిక్ పలకలో మూసి సీలు వేస్తారు. ఆ తరువాత దానిని ముట్టుకున్నవాడు లేడు. మూలలు ఎంత పదునుగా ఉన్నవి, బొమ్మ అట్ట మధ్యన ఉన్నదా లేదా అన్నవి అక్కడి ప్రశ్నలు; బొమ్మలో ఏమున్నది అన్నది కాదు. వరుస చివర జాబితా కార్డు ఒకటి ఉండేది. తన దగ్గరున్న అంకెల పక్కన పిల్లవాడు పెన్సిలుతో టిక్కు పెట్టుకోవటానికే దానిని అచ్చువేశారు. నేడు టిక్కు పెట్టిన జాబితా కార్డుకు విలువ తక్కువ! ఏ పని కోసం పుట్టిందో ఆ పని చేసినందుకు దానికి శిక్ష. పరీక్షల విభాగంలో పదిహేనేళ్ళుగా మార్కులు వేస్తున్న నాకు కూడా ఇంత అన్యాయమైన మూల్యాంకనం ఎక్కడా తటస్థపడలేదు.

దీనికి ఎదురుగా ఒక మనిషిని నిలబెడతాను. జెఫర్సన్ బర్డిక్. 1900లో పుట్టాడు, 1963లో పోయాడు. న్యూయార్కు రాష్ట్రంలోని సిరాక్యూస్‌లో విద్యుత్ పరికరాల కర్మాగారంలో పనిచేసేవాడు. పెళ్ళి లేదు, ఆస్తి లేదు, కీళ్ళవాతంతో వేళ్ళు వంకరలు తిరిగాయి. ఆయన జీవితమంతా ఏరినది ఈ చిల్లర అచ్చుకాగితాలనే. 1939లో వాటికి ఒక జాబితా గ్రంథం వెలువరించి, ప్రతి వరుసకూ అక్షరంతో, అంకెతో గుర్తు పెట్టాడు. పంతొమ్మిదవ శతాబ్దపు పొగాకు కార్డుకు ఒక అక్షరం, ఇరవయ్యవ శతాబ్దపు దానికి మరొకటి, గమ్ము కార్డుకు వేరొకటి. 1938లో గమ్ ఇన్‌కార్పొరేటెడ్ అనే కంపెనీ వెలువరించిన "హారర్స్ ఆఫ్ వార్" అనే 288 కార్డుల యుద్ధ చిత్రమాలను నేటికీ ఆయన పెట్టిన ఆర్-69 అనే గుర్తుతోనే పిలుస్తారు. 1940ల చివర నుంచి తన సేకరణనంతా న్యూయార్కులోని మెట్రోపాలిటన్ మ్యూజియానికి ఇచ్చివేస్తూ, తానే స్వయంగా మ్యూజియంలో ఒక బల్ల దగ్గర కూర్చుని, వందలాది ఆల్బములలో వాటిని అతికించాడు. మూడు లక్షలకు పైబడిన కాగితాలు. అందులో బేస్‌బాల్ ఆటగాళ్ళ కార్డులు ఇంచుమించు ముప్పై వేలే. అనగా పదింట తొమ్మిదిపాళ్ళు బేస్‌బాల్‌తో సంబంధం లేనివి. 1963 జనవరిలో చివరి కాగితం అతికించాడు. మార్చిలో కన్నుమూశాడు.

నేటి వర్తకుడు ఆ కథ విని గుండె బాదుకుంటాడు. జిగురుతో అతికించాడే! లక్షల డాలర్ల విలువ పోయిందే! అని. విలువ పోయిన మాట నిజం. బర్డిక్ దానిని పోగొట్టదలచుకునే కూర్చున్నాడని నా అనుమానం. అతికించినది అమ్మకానికి పనికిరాదు. తిరగవేసి చూడటానికి పనికివస్తుంది. ఆయన మూడు లక్షల సరుకులను తీసుకుని పుస్తకాలు చేశాడు. గ్రంథాలయమంటే నా ఉద్దేశంలో అదే. నేను కొనే గట్టి అట్ట సంపుటాలు ఆ బల్ల దగ్గర మొదలైన పనికి కొనసాగింపు.

ఇంత చెప్పిన తరువాత వీటి లోపాలు చెప్పకపోతే అది న్యాయం కాదు. వాకీ పాకేజెస్ రెండవ సంపుటం 2010లో వచ్చింది; ఎనిమిది నుంచి పద్నాలుగు వరుసల దాకా అందులో ఉన్నాయి. మొత్తం వరుసలు పదహారు. చివరి రెండూ ఈ రెండు సంపుటాలలోనూ లేవు. ముందు పదిహేను పర్వాలు అచ్చువేసి తక్కిన మూడూ వదిలిన మహాభారతాన్ని ఊహించుకోండి. పీఠికలు రుచికరమైనవే గాని పొట్టివి. ఏ బొమ్మ ఎవరిదో ప్రతి పుటలోనూ చెప్పే ఓపిక ప్రచురణకర్తకు లేకపోయింది. స్టార్ వార్స్ సినిమా కార్డులు 1977, 78లలో ఐదు వరుసలలో 330 వచ్చాయి. వాటి సంపుటం 2015లో వచ్చింది. అందులో ఉన్నవి చాలావరకు సినిమా ఫోటోలే గనుక నాకు దానిపై ప్రత్యేకాభిమానం లేదు.

అసలు పెద్ద లోపం వేరొకటి ఉంది. ఐదు సెంట్ల పొట్లం విప్పేటప్పుడు ఏ బొమ్మ వస్తుందో పిల్లవాడికి తెలియదు. వచ్చినదే మళ్ళీ వస్తే పక్కింటి పిల్లవాడితో మార్చుకోవాలి, బేరమాడాలి, అలగాలి, రాజీపడాలి. "ట్రేడింగ్" అనే మాటకు అర్థం అదే. పుస్తకంలో ఆ ఎదురుచూపు లేదు, ఆ పక్కింటి పిల్లవాడూ లేడు. 55 బొమ్మలూ ఒక్క మధ్యాహ్నంలో అయిపోతాయి. 1962లో ఏ పిల్లవాడూ చూసి ఉండనంత పూర్తిగా నేను ఆ కథ చూశాను. అయితే వాడు చూసినంత ఆత్రంగా చూడలేదు.

"గార్బేజ్ పెయిల్ కిడ్స్" మాటేమిటని కొందరు అడుగుతారు. కేబేజ్ పాచ్ అనే ముద్దుబొమ్మలను వెక్కిరిస్తూ 1985లో టాప్స్ విడుదల చేసిన స్టిక్కర్లు అవి. జాన్ పౌండ్ వేసిన చీమిడి ముక్కుల, పగిలిన తలల పిల్లలు. అనేక పాఠశాలలు నిషేధించాయి. బొమ్మల హక్కుదారులు 1986లో దావా వేశారు. మరుసటి యేడు రాజీ కుదిరి, పిల్లల ముఖకవళికలు మార్చవలసి వచ్చింది. నాకు అభ్యంతరం చీమిడి మీద కాదు. ఒకే బొమ్మను రెండు పేర్లతో అచ్చువేసి, "ఎ" ఒకటి, "బి" ఒకటి అని రెండుసార్లు కొనిపించారు. తల మీద అణుబాంబు పేలుతున్న పిల్లవాడు ఒక స్టిక్కరు మీద ఆడమ్ బాంబ్, మరొక దాని మీద బ్లాస్టెడ్ బిల్లీ. ప్రకటనలను వెక్కిరించటం నేర్పిన కంపెనీయే, కొన్నేళ్ళకు, పిల్లల జేబులకు ఇలా గాలం వేసింది. 2012 నాటి ఆ సంపుటం నా బీరువాలో ఉంది. వాకీ పాకేజెస్ పక్కనే పెట్టి చదివితేనే ఈ పతనం కనిపిస్తుంది. అందుకనే నచ్చనిదానిని కూడా గ్రంథాలయంలో ఉంచాలంటాను.

కొత్తగా వచ్చినప్పుడు ఇంచుమించు 20 డాలర్లకు దొరికిన ఈ పుస్తకాలు కూడా ఇప్పుడు అదే రోగానికి గురి అవుతున్నాయి. ప్రతి సంపుటం చివరా ఒక చిన్న సంచిలో కొత్త స్టిక్కర్లో, కార్డులో ఉంచి అమ్మారు. ఆ సంచి విప్పని ప్రతికి ఒక ధర, విప్పిన ప్రతికి మరొక ధర! పుస్తకం మార్కెట్టు నుంచి బొమ్మను విడిపించిందని నేను సంబరపడుతూండగానే, మార్కెట్టు పుస్తకాన్ని పట్టుకుంది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. 2011లో మా దూల్హాభాయి తెచ్చిన ప్రతిలోని సంచిని నేను నేటికీ విప్పలేదు. మొదట మరచిపోయి విప్పలేదు. తరువాత ధర తెలిసి విప్పలేదు. మొన్న మా ఏడేళ్ళ అమ్మాయి ఆ పుస్తకం తిరగవేస్తూ చివరి అట్ట దగ్గర ఆగి, "అబ్బా, ఇవి అంటించుకోవటానికే గదా, మరి ఎందుకు దాచావు?" అని అడిగింది. ప్లాస్టిక్ పలకలను గురించి పై పుటలో అంత ఆవేశంగా రాసిన నాకు సమాధానం తోచలేదు. "తరువాత చూద్దాం" అన్నాను. మా అమ్మాయికి ఆ మాట అర్థం బాగా తెలుసు.

ఈ వ్యాసం అచ్చుకు పోయేలోగా నా వద్దనున్న నాలుగు సంపుటాలను మన గ్రంథాలయానికి ఇచ్చివేశాను. కొనటానికి అభ్యంతరం ఉండవచ్చు గాని ఊరకే వచ్చినదానిని తీసుకోవటానికి సంఘం పెద్దలు సహృదయంతో అంగీకరించారు. నేను కోరిన షరతు ఒక్కటే: వీటిని అద్దాల బీరువాలో పెట్టి తాళం వేయరాదు, ఇంటికి తీసుకుపోనివ్వాలి. గ్రంథపాలకులు నాలుగింటికీ ముద్ర వేసి, రిజిస్టరులో నంబర్లు ఎక్కించి, ఆ విప్పని సంచి దగ్గర కలం ఆపారు. "దీనికి వేరే నంబరు వేయాలా, సార్? పుస్తకంలో భాగమా ఇది, వస్తువా?" అన్నారు. వేయవద్దన్నాను. ఆ పుస్తకాన్ని మొదట ఇంటికి తీసుకుపోయే విద్యార్థికి ఒక కత్తెర కూడా ఇవ్వమని చెప్పి వచ్చాను.